తోడేలు పంచమం

ఫ్రీస్‌లాండ్‌లో మా ఊరు సముద్రం కంటే రెండు మూరలు పల్లంలో ఉండేది.
కట్ట తెగితే అందరం ఒకే నీళ్లలో మునగాల్సినవాళ్లం,
రొట్టెలు మాత్రం వేరువేరు చోట్ల కొనుక్కునేవాళ్లం.

లాంబెర్ట్ కాల్చేది కాథలిక్ రొట్టె.
వాసనకు మతం అంటదు గనక
బడికి పోతూ దాన్ని మాత్రం దొంగతనంగా పీల్చేవాణ్ణి.

నాకప్పుడు పదకొండేళ్లు.
చర్చిలో ఆర్గన్‌కి శ్రుతి పెట్టడానికి టాకె వచ్చాడు,
సైకిలు మీద, తోలుసంచితో, ఒక చెవిలో దూదితో.
ఆయన గొట్టాల అడవిలోకి దూరితే
బయట మీట నొక్కి పట్టుకోవడం నా పని.
గంటకు పది సెంట్లు.

"షడ్జమం పట్టు. పంచమం పట్టు. వింటున్నావా?"
రెండు స్వరాల నడుమ ఏదో కొట్టుకునేది
పిట్ట గుండెలా.
గొట్టం అంచును చిన్నగా తట్టేవాడు.
కొట్టుకోవడం నెమ్మదించి, నెమ్మదించి, ఆగేది.
గోడలు కూడా ఔనన్నట్టుండేది.
"ఇదీ శుద్ధం. ఇప్పుడు దీన్ని కాస్త చెడగొట్టాలి."
మళ్లీ తట్టాడు. పిట్ట బతికింది.

వెనక బల్ల మీంచి సంఘపెద్ద ఫోల్కెర్ట్ లేచాడు,
నల్లకోటు గుండీలు గడ్డం దాకా పెట్టుకున్న మనిషి.
"దేవుడిచ్చిన స్వరాన్ని చెడగొట్టడానికా నీకు డబ్బిస్తున్నాం?"

టాకె తల బయటపెట్టాడు, జుట్టునిండా బూజు.
"అయ్యా, పంచమం మీద పంచమం పేర్చుకుంటూ
పన్నెండు మెట్లెక్కితే బయల్దేరిన గుమ్మానికే చేరాలి కదా.
చేరం. వెంట్రుకవాసి దాటిపోతాం.
ఆ వెంట్రుకను ఎక్కడో ఒకచోట దాచాలి.
తలా కొంచెం పంచితే ఎవరికీ నొప్పి తెలీదు.
పదకొండింటిని మడికట్టి కూర్చోబెడితే
పన్నెండోది తోడేలై ఊళ పెడుతుంది."

"అయితే దాన్ని మేం వాయించని చోట కట్టెయ్."

కట్టేశాడు. కూలికి వచ్చినవాడు.
పోతూపోతూ సంచిలోంచి రొట్టె తీసి విరిచి సగమిచ్చాడు.
నడుమ కరిగిన కలకండ తునకలు. ఎక్కడిదో నాకు తెలుసు.
అరచేయి జిగురెక్కేదాకా పట్టుకు నిలబడి
కాలవలో బాతులకు వేశాను.
బాతులు ఏమీ అడగలేదు.

ఏడేళ్లు కీర్తనలు తేనెధారలే.
ఆ ఏడేళ్లలోనే ఒక రాత్రి ఎవరో
లాంబెర్ట్ కొట్టు అద్దం పగలగొట్టారు.
ఎవరో అంటున్నాను. రాయి బరువు నాకింకా గుర్తుంది.
విసిరినప్పుడు నాలో ఏదీ కొట్టుకోలేదు.
అంత శుద్ధంగా ఉన్నాను.

ఫోల్కెర్ట్ భార్య రిక్స్ట్ పోయిన చలికాలం
పొరుగూరి వాద్యకారుడొచ్చాడు.
ముసలిగొంతులకు అందాలని కీర్తనను కిందికి దించి ఎత్తుకున్నాడు.
రెండో చరణంలో తోడేలు లేచింది.
కప్పు మీద మంచు జారింది, పిల్లలు తల్లుల కొంగుల్లో దూరారు.
ఫోల్కెర్ట్ శవపేటికను రెండు చేతులా పట్టుకున్నాడు,
అది అందులోంచే వస్తున్నట్టు.

తలుపు దగ్గర, గడప అవతల,
టోపీ చేతిలో పట్టుకుని లాంబెర్ట్.
లోపలికి రాకూడదని వాళ్ల పాదిరీ, రానివ్వకూడదని మా పాదిరీ.
పదేళ్లుగా పెరటిదారిన ఆమె రొట్టె కొనేదట.
ఆ సంగతి తర్వాత తెలిసింది.
ఫోల్కెర్ట్ ఏ రొట్టె తింటూ వచ్చాడో అతనికీ అప్పుడే తెలిసింది.
దాని గురించి ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు, నాకు తెలిసి.

ఇప్పుడు గొట్టాల అడవిలో దూరేది నేను.
ఊరూరా తిరిగి ప్రతి పంచమాన్నీ
ఒక పిసరు తప్పుగా పెట్టి వస్తాను.
ఈ కథ చెబితే జనం మెచ్చుకుంటారు,
ఎంత వినయం అంటారు.
వింటూ వింటూ ఉంటే
లోపల పిట్ట ఆగిపోతుంది.

అప్పుడు ఆ రాయిని మళ్లీ అరచేతిలోకి తీసుకుని
మెల్లగా తట్టి చూసుకుంటాను.